కాలవలో వెలిగిన గేదె

గేదెని కుట్టిపెడతారా అని ఒకావిడ కొట్లోకి వచ్చి అడిగితే కత్తెరమ్మ నవ్వలేదు. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి ఆవిణ్ణి కిందికీ పైకీ చూసి, "పాడిదా, వట్టిపోయిందా?" అంది.

"పడుకున్నది," అంది వచ్చినావిడ.

ఆ జవాబుతో బేరం కుదిరిపోయింది. కత్తెరమ్మకి మాటకి మాట ఇచ్చేవాళ్ళంటే ఇష్టం.

నలభై ఏళ్ళుగా ఆ కొట్లో కుట్టనిదంటూ లేదు. లారీల మీద కప్పే టార్పాలిన్లు, దుకాణాల ముందు దించే ఎండతెరలు, పడవల ముసుగులు, వరికోత యంత్రాల తొడుగులు. అన్నీ కప్పేవే. ఎండ పడకుండా, వాన దిగకుండా, వెలుతురు చొరకుండా చూడటమే వాళ్ళకి తెలిసిన విద్య. వచ్చినావిడ అడిగింది సరిగ్గా దానికి తలకిందులు. లోపల దీపాలు పెడతాను, ఆ వెలుగంతా బయటికి రావాలి అంది. టేబుల్ మీద పొడుగాటి కాగితం పరిచింది. కాలవలో పొట్ట దాకా మునిగి పడుకున్న గేదె బొమ్మ. నీళ్ళ పైన వీపూ, మెడా, తలా, కొమ్ములూ మాత్రమే కనబడతాయి. వీపు ఒక్కటే నలభై అడుగులు. లోపల ఫ్యాను తిరుగుతూ, ఆగుతూ ఉంటే గుడ్డ ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటుంది. అంటే గేదె ఊపిరి తీస్తుందన్నమాట. మునిసిపాలిటీ వాళ్ళు కాలవ పొడుగునా ఇలాంటి వెలుగుబొమ్మలు పెట్టిస్తున్నారు. సాయంత్రాలు జనం పడవలెక్కి చూస్తారట.

ఆవిడ జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంది. మోచేతుల మీద ఆరిపోయిన రంగుమరకలు. బజారంతా ఆవిడకి రెండో రోజుకల్లా బొమ్మలావిడ అని పేరు పెట్టేసింది.

కత్తెరమ్మకి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పక్కర్లేదు. ఆ కొట్లో జానెడున్నర పొడవున్న నల్లటి ఇనప కత్తెర ఒకటుంది. బొటనవేలు దూరే రింగుకి పాతగుడ్డ చుట్టి ఉంటుంది. దాన్ని పట్టే హక్కు ఆవిడ ఒక్కదానిదే. మేనకోడలు పద్నాలుగో ఏట మిషన్ తొక్కడం నేర్చుకోవడానికి వచ్చింది. ఇరవై ఏళ్ళు గడిచాయి. మిషన్ మేనకోడలిదయింది, సూదులు మేనకోడలివయ్యాయి, కొట్టు తాళాలు కూడా ఆమె నడుముకే వేలాడుతున్నాయి. కత్తెర మాత్రం అత్త చేతిలోనే ఉండిపోయింది. ఎప్పుడైనా ఆశగా దాని వంక చూస్తే అత్త అనేది, "కుట్టు తప్పితే విప్పుకుంటావు. కోత తప్పితే ఏం విప్పుతావే?"

అయితే ఈ ఏడాది అత్త చెయ్యి వణకడం మొదలైంది. దగ్గరిచూపు పోయింది. దూరపుచూపు మాత్రం గద్దకి తీసిపోదు, వీధి చివర స్తంభం మీద వాలిన కాకి ఏ కాలు మీద నిలబడిందో చెబుతుంది గానీ, కళ్ళ ముందు సుద్దగీత కనబడదు. గేదెకి అరవై రెండు ముక్కలు కోయాలి. ఒకరోజంతా కాగితం ముందు కూర్చుని, మర్నాడు పొద్దున కత్తెర తెచ్చి మేనకోడలి ఒళ్ళో పెట్టింది.

"ఇచ్చేశాననుకునేవు. ఇది చేబదులు. గేదె వెలిగాక నా కళ్ళతో చూసి చెప్తా, ఉంచుకోవాలో తిరిగివ్వాలో."

అరవై రెండు ముక్కలూ మేనకోడలు కోసింది. ఒక్కటి కూడా పొల్లుపోలేదు. తప్పు కోతలో జరగలేదు, కుట్టులో జరిగింది. అదీ ఇరవై ఏళ్ళ అలవాటు వల్ల జరిగింది.

బొమ్మలావిడ మొదటిరోజే చెప్పింది, అతుకులు మడవొద్దని. ముక్క మీద ముక్క బొటనవేలంత పరిచి ఒకే వరస కుట్టాలి. మడిస్తే గుడ్డ నాలుగు పొరలవుతుంది, లోపల దీపం వెలిగితే అక్కడ నల్లటి చార పడుతుంది. సరేనంది మేనకోడలు. అన్ని అతుకులూ అలాగే వేసింది. మెడ దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైంది. రేకుల కప్పు మీద దడదడా పడుతున్న వాన. మిషన్ చప్పుడు వినబడదు, మనసు ఎటో ఉంది. చేతులకి మాత్రం వాన వినబడింది. వాన పడుతుంటే లారీ టార్పాలిన్ ఎలా కుట్టాలో ఆ చేతులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైముక్కని కింది ముక్క మీదికి మడిచి, లోపలికి తోసి, రెండు వరసలు గట్టిగా బిగించాయి. నీటిచుక్క దిగని వాన మడత. ఆమె తెలివిలోకి వచ్చి చూసుకునేసరికి రెండు మూరల పొడవునా పరిగెత్తి ఉంది కుట్టు.

విప్పింది. సరిగా మళ్ళీ కుట్టింది. కానీ అది లారీ గుడ్డ కాదు. లారీ గుడ్డకయితే తడి చేత్తో నాలుగుసార్లు రుద్దితే సూదికన్నాలు పూడిపోతాయి. ఇది పూత వేసిన గుడ్డ, ఒకసారి పడిన కన్నం ఇక అంతే. కొత్త కుట్టు పక్కనే పాత కుట్టు తాలూకు రెండు వరసల చిల్లులు అలాగే నిలిచిపోయాయి. పగటి వెలుగులో ముక్కు ఆనించి చూస్తే తప్ప కనబడవు.

కనబడినా కనబడకపోయినా, ఆ కొట్లో దానికో పద్ధతి ఉంది. విప్పి కుట్టిన చోట ఎర్రదారంతో ఒక ముడి వేయాలి. కత్తెరమ్మ పెట్టిన పద్ధతి. "చేతులన్నాక తప్పుతాయి. గాలివానలో చిక్కుకున్నప్పుడు ముందు ఎక్కడ చిరుగుతుందో లారీవాడికి తెలియాలా వద్దా?" అనేది. లారీవాళ్ళు టార్పాలిన్ తీసుకెళ్ళేముందు పరిచి ఎర్రముళ్ళు వెతుక్కునేవాళ్ళు. "ఈసారి రెండున్నాయేం కత్తెరమ్మా, నిద్ర సరిగా పట్టడం లేదా?" అని ఏడిపించేవాళ్ళు. ఏడిపించినా పక్కకొట్టుకి మాత్రం పోయేవాళ్ళు కాదు.

ఆరోజు కూడా మేనకోడలు సొరుగులోంచి ఎర్రదారం ఉండ తీసింది. సరిగ్గా అప్పుడే బొమ్మలావిడ గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. వెంట మునిసిపాలిటీ ఆఫీసువాళ్ళు ఇద్దరు. గేదె వీపు మీద అరచేత్తో నిమురుతూ వాళ్ళతో అంది, "చూడండి. ఈవిడ చేతికి తప్పు తెలియదు."

ఆ మాట విన్నాక చేతిలోని దారం ఉండ బరువెక్కింది. మేనకోడలు దాన్ని మెల్లిగా సొరుగులోకి జార్చేసింది. ముడి వేస్తే వెలుగులో నల్లమచ్చలా కనబడుతుంది కదా అని తనకి తాను చెప్పుకుంది. కనబడే మాట నిజమే. ఆ నిజమే ఆ పూట సాకుగా పనికొచ్చింది.

*

బొమ్మలావిడ మూడు పడవ టికెట్లు పంపింది. కత్తెరమ్మకొకటి, మేనకోడలికొకటి, గేదె తలకీ కొమ్ములకీ ఇనపచువ్వల చట్రం అతికినందుకు వెల్డింగ్ బావకొకటి. బావ అంటే మేనకోడలి అక్క మొగుడు. వాడికి నోరూ మంటా రెండూ ఆగవని అక్కే అంటుంది.

పొద్దు గూకే వేళకి రేవుకి చేరారు. పొడుగాటి చదునైన పడవ, రెండు వరసల కుర్చీలు, నీళ్ళలో పడితే తేల్చడానికి కుర్చీకొక నారింజరంగు చొక్కా. బావ కూర్చోకముందే కుర్చీ కాళ్ళ అతుకులు తడిమి చూశాడు.

"పడవ మునిగితే అతుకేం చేస్తుంది బావా?"

"కుర్చీతో సహా మునుగుతావు మరదలా. ఒంటరిగా మునిగావన్న దిగులుండదు."

కత్తెరమ్మ అందరికన్నా ముందు వరసలో కూర్చుంది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, నడుముకున్న గుడ్డసంచీలో పెట్టేసింది. "దూరానికి ఇవి అడ్డం," అంది. ఆ మాటకి మేనకోడలు తలెత్తి ఆకాశం వైపు చూసింది. పదిహేను రోజుల్నుంచి ఆమె మొక్కని మొక్కు లేదు, ఆ రోజు మబ్బు పట్టాలనీ, దీపాలు మసకగా ఉండాలనీ, అత్తకి జలుబు చేసి కళ్ళు నీళ్ళు కారాలనీ. ఆకాశం మాత్రం కడిగినట్టుంది. అత్త కళ్ళు అంతకన్నా.

పడవ నడిపే సరంగు తాడు విప్పాడు. మైకు పట్టుకున్న ఒకమ్మాయి ముందుకొచ్చి నమస్కారం పెట్టింది. దారిలో ఏ బొమ్మ ఏమిటో చెప్పే ఉద్యోగం ఆ అమ్మాయిది.

కాలవంటే వాళ్ళకి ఇన్నాళ్ళూ వాసన మాత్రమే. ఊరు తన వీపు అటు పెట్టి కూర్చుంది కాబట్టి, ఎవరూ అటు చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు పడవలోంచి చూస్తే, ఇళ్ళ వెనకభాగాలన్నీ కొత్తగా ఉన్నాయి. వంటింటి కిటికీలు, మెట్ల కింద సైకిళ్ళు, డాబా అంచున తొట్లలో మొక్కలు. పడమటి ఆకాశం తెల్లకాగితం మీద టీ ఒలికినట్టుంది. ఆ రంగంతా నీళ్ళలోకి దిగి పడవ ముందు చీలిపోతోంది.

మొదటి వంతెన కింద పాత టీ కెటిళ్ళు వేలాడదీశారు. ఒకటీ రెండూ కాదు, కొన్ని వందలు. సొట్టలు పడ్డవి, మూత పోయినవి, అడుగు మాడినవి. ఒక్కోదాని లోపల ఒక్కో చిన్న దీపం, ముక్కులోంచి సన్నటి ధారలా వెలుగు నీళ్ళలోకి పోస్తున్నట్టుంది. పడవ ఆ ధారల కిందనుంచి పోతుంటే ఒక్కొక్కరి ముఖం మీదా వెలుగు పడి, జారిపోయింది.

"ఈ కళారూపం పేరు 'తిరిగి రావడం'," అంది మైకు అమ్మాయి. "ఇంటికి చేరుకునే మనిషి అంతరంగాన్ని..."

"సొట్టలు తీయకుండా పెట్టారు," అంది కత్తెరమ్మ మేనకోడలితో. "అదీ బుద్ధంటే. తీసుంటే సామాన్ల కొట్టులా ఉండేది."

మలుపు తిరగ్గానే ఒక డాబా మీద బనీనుతో ఒక ముసలాయన కుర్చీలో కదలకుండా కూర్చుని ఉన్నాడు. పక్కన బల్బు వెలుగుతోంది. అందరూ అటే చూశారు.

"ఇదేం బొమ్మ అమ్మాయ్?" అడిగింది కత్తెరమ్మ.

"ఆయన అక్కడ ఉంటారండీ," అంది మైకు అమ్మాయి.

ముసలాయన చెయ్యి ఊపాడు. పడవలో సగం మంది చప్పట్లు కొట్టారు. ఆయన లేచి ఒక దణ్ణం పెట్టి మళ్ళీ కూర్చున్నాడు.

రెండో బొమ్మ నిచ్చెన. పాత గోడౌను గోడ పక్కన, నీళ్ళలోంచి లేచి నాలుగంతస్తుల పైకి పోయే సన్నటి ఇనప నిచ్చెన. మెట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ, ఆరుతూ పోతున్నాయి, కనబడని మనిషెవరో ఎక్కుతున్నట్టు. చివరి మెట్టు ఆరాక కాసేపు చీకటి. తర్వాత మళ్ళీ అడుగునుంచి మొదలు. ఎక్కేవాడు మధ్యలో ఒకచోట ఆగుతాడు, కాలు నొప్పి పుట్టినట్టు. ఆ ఆగడం చూసి పడవలో ఎవరో 'అయ్యో' అన్నారు కూడా.

బావ కుర్చీలోంచి సగం లేచి నిచ్చెన వంకే చూస్తున్నాడు. అంతసేపు వాడు మాట్లాడకుండా ఉండటం మేనకోడలు పెళ్ళిపందిట్లో కూడా చూడలేదు.

"ఏంటి బావా, కుళ్ళుగా ఉందా?"

"అతుకు కనబడటం లేదే. ఎక్కడ అతికాడో ఎంత చూసినా కనబడటం లేదు. కుళ్ళు కాదు మరదలా. ఆకలేసినట్టుంది."

అందం చూసిన కొద్దీ మేనకోడలికి భయం పెరిగింది. ఇంత పనివాళ్ళ పక్కన తన రెండు మూరల చిల్లులు. అయినా కళ్ళలో వత్తులు వేసుకుని ప్రతి బొమ్మా చూస్తూనే ఉంది.

పెద్ద మలుపు ముందు సరంగు ఇంజను తగ్గించి, పడవ దీపాలన్నీ ఆర్పేశాడు. మైకు అమ్మాయి కూడా మైకు పక్కన పెట్టేసింది. "ఇక్కడ నేనేం చెప్పనండీ," అంది మామూలు గొంతుతో. "మీరే చూడండి."

ముందు చప్పుడు వచ్చింది. హుస్సుమని పొడుగాటి ఊపిరి. ఆగింది. మళ్ళీ. తర్వాత మలుపు అవతలి నీళ్ళు రంగు మారాయి, పొంగబోయే పాల అంచులాంటి లేత పసుపు. ఆ తర్వాత గేదె.

కాలవ వెడల్పునా అడ్డంగా పడుకుని ఉంది. వీపు చిన్న గుట్టలా లేస్తోంది, తగ్గుతోంది. లేచినప్పుడు పొట్ట పక్కన నీళ్ళు పలచటి అలలై గట్టు దాకా పోతున్నాయి, తగ్గినప్పుడు వెనక్కి వస్తున్నాయి. తల కాస్త పక్కకి వాల్చింది. కళ్ళు సగం మూసింది. కొమ్ములు వెనక్కి వంగి చివర్న ఎర్రబడి ఉన్నాయి. లోపలి దీపం ఎక్కడుందో తెలియదు, వెలుగు దాని ఒంట్లోంచే పుట్టినట్టుంది. మెడ దగ్గర చిక్కగా, డొక్కల దగ్గర పలచగా, వెన్ను మీద దాదాపు తెల్లగా. కింద నీళ్ళలో ఇంకో గేదె తలకిందులుగా ఊపిరి తీస్తోంది.

ముందు కూర్చున్న పెద్దాయన ఒకాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మేనకోడలు మర్చిపోయింది. చిల్లులు, కత్తెర, అత్త, అన్నీ. ఆ అరవై రెండు ముక్కలూ తన చేత్తో కోసినవే, ప్రతి ముక్క మూలా తనకి తెలుసు. అయినా అందులో ఒక్క ముక్క కూడా కనబడలేదు. ఆమె నేల మీద పరిచింది గుడ్డ. ఇక్కడున్నది గొడ్డు. ఆ ముక్కలన్నీ ఒక ఒళ్ళుగా ఎలా మార్చిందో ఆ బొమ్మలావిడ, ఎక్కడ నేర్చుకుందో అంత పని. పనిమంతురాల్ని చూస్తే ఆమెకి ఎప్పుడూ అలాగే అవుతుంది, ఒళ్ళు ఝల్లుమని, ఏడవాలనిపించదు గానీ ముక్కు ఎగబీల్చాలనిపిస్తుంది.

తర్వాత మెడ కనబడింది. దవడ కింద, రెండు మూరల మేర, రెండు వరసల తెల్లటి చుక్కలు. సూదిమొన అంతవి. మిగతా వెలుగంతా గుడ్డలోంచి వడకట్టుకుని మెత్తగా వస్తుంటే, అవి మాత్రం నేరుగా, కంట్లో గుచ్చుకునేలా మెరుస్తున్నాయి.

వెనక వరసలో ఎవరో ఆవిడ మొగుడితో అంది, "మెడ మీద నీటిచుక్కలు ఎంత ముద్దుగా పెట్టారో చూడండి."

మేనకోడలు అత్త వైపు తలతిప్పింది. అత్త నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గద్దకళ్ళు రెప్ప వేయడం లేదు. ఆ కళ్ళు కొమ్ముల మీదినుంచి వెన్ను మీదికి, వెన్ను మీదినుంచి మెడ మీదికి వచ్చి, అక్కడ ఆగి, ముందుకి పోయాయి.

"కోడలా."

"ఊఁ."

"ఇది పడుకోలేదే. నెమరేస్తోంది."

"అవునత్తా."

"నలభై ఏళ్ళు వెలుతురు చొరకుండా కుట్టాను. చొరనిస్తే ఇలా ఉంటుందని నాకెవరు చెప్పారు?" ఇంకోసారి గేదెని ఆ చివర్నుంచి ఈ చివరికి చూసింది. "ఎక్కడా వంక లేదే తల్లీ. కత్తెర ఉంచుకో."

ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసిన మాట. ఎంత తేలిగ్గా వచ్చిందంటే, వచ్చినట్టే తెలియలేదు. మేనకోడలు ఊరుకుంటే సరిపోయేది. చుక్కలు నీళ్ళయిపోయాయి, నీళ్ళు ముద్దుగా ఉన్నాయి. అడిగేవాళ్ళు లేరు. పడవ మలుపు తిరిగితే రాత్రికి నిద్ర, పొద్దున్నే కత్తెర.

గేదె ఊపిరి తీసింది, వదిలింది.

"మెడ దగ్గర ఉందత్తా," అంది.

"ఏముంది?"

"విప్పి కుట్టాను. ముడి వేయలేదు."

కత్తెరమ్మ మళ్ళీ మెడ వైపు చూసింది, ఈసారి కళ్ళు చిట్లించి.

"ఆ చుక్కలా?"

"అవే."

"నేను నీళ్ళనుకున్నా." ఆ మాట అన్న తీరు మేనకోడలికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఆవిడకి మిగిలింది ఆ దూరపుచూపు ఒక్కటే, దాన్నే మోసం చేసినట్టయింది. "ఎంత పొడుగు?"

"రెండు మూరలు."

"వాన మడతా?"

"ఊఁ. ఆరోజు వాన పడుతోంది."

కత్తెరమ్మ పెదవి చివర ఒక్కసారి కదిలింది. "వాన వినబడితే చేతులు వాటంతటవే మడుస్తాయి. నేనూ ఒకావిడ గొడుగుకి వాన మడత వేసి, అది మూసుకోకుండా చేశాను. నేనడిగేది అది కాదు. ముడేది?"

"నల్లమచ్చలా కనబడుతుందని..."

"ఎవరి మీద? గేదె మీదా, నీ మీదా?"

బావ గేదె కొమ్ముల వంక అతి శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

అప్పుడే గేదె తోక వైపునుంచి ఒక చిన్న పడవ వచ్చి పెద్ద పడవ పక్కన ఆగింది. తెడ్డు వేస్తున్నది బొమ్మలావిడ. రోజూ ఆ వేళకి ఫ్యాను సరిచూసి పోతుందట. కత్తెరమ్మని చూసి ముఖం విప్పార్చుకుంది. "ఎలా ఉందమ్మా?"

"ఎలా ఉందో చెప్పాలంటే నాకు మాటలు చాలవు," అంది కత్తెరమ్మ. "కానీ ముందు మా కోడలు ఒక మాట చెప్తుంది, వినండి."

మేనకోడలు పడవ అంచు పట్టుకుని, వంగి, చెప్పింది. వాన దగ్గరనుంచి సొరుగు దాకా.

బొమ్మలావిడ తెడ్డు ఒళ్ళో పెట్టుకుని విన్నది. విని, "అవి సూదికన్నాలా?" అంది నెమ్మదిగా. "మొదటిరోజు దీపం వేయగానే చూశాను. మీ కుట్టు మీద అనుమానమే రాలేదు. గుడ్డలోనే చిల్లులున్నాయనుకుని, గుడ్డ పంపినాయన్ని ఫోనులో నానా మాటలూ అన్నాను. ఆయన తన గుడ్డలో లోపం లేదంటాడు, నేను ఉందంటాను. వారంనుంచి తగూ."

మేనకోడలికి నెత్తి మీద నీళ్ళు గుమ్మరించినట్టయింది. ఇన్నాళ్ళూ ఆమె తన గురించీ అత్త గురించీ ఆలోచించింది. ఎక్కడో గోడౌనులో ముఖం తెలియని ఒకాయన తన తప్పుకి మాటలు పడుతున్నాడని తట్టనే లేదు.

కత్తెరమ్మ దెప్పలేదు. "విన్నావుగా, ముడి ఎందుకో," అంది అంతే.

"ఆయనకి రేపు నేనే ఫోన్ చేసి చెప్తాను," అంది మేనకోడలు.

"నేను క్షమాపణ అడిగాక చెయ్యండి," అంది బొమ్మలావిడ. "ముందు తిట్టింది నేను."

కత్తెరమ్మ నడుము సంచీలో చెయ్యి పెట్టింది. కళ్ళద్దాలు, తమలపాకంత సుద్దముక్క, ఒక సూది గుచ్చిన గుడ్డపీలిక, చివరికి ఎర్రదారం ఉండ బయటికొచ్చాయి. దారం ఉండా సూదీ మేనకోడలి చేతిలో పెట్టింది. తర్వాత బొమ్మలావిడ వంక చూసింది. "బొమ్మ మీది. మీరు వద్దంటే మానేస్తాం. మచ్చ మాత్రం కనబడుతుంది."

బొమ్మలావిడ గేదె వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఏడాది పని అది. ఆ చూపులో ఉన్నదేమిటో మేనకోడలికి అర్థమైంది, తనూ పనిచేసే మనిషే కాబట్టి. "రండి," అంది చివరికి, చిన్న పడవలో పక్కకి జరిగి.

"ఎలాగూ ఇక్కడ పది నిమిషాలు ఆపుతాను," అన్నాడు సరంగు, ఎవరూ అడక్కుండానే.

దగ్గరికి వెళ్ళేకొద్దీ గేదె పోయింది. కొమ్ములు లేవు, తల లేదు, ఒక పెద్ద వెలుగుగోడ మాత్రమే మిగిలింది. మేనకోడలు అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా ఉంది. చేతి కింద మెల్లిగా ఉబ్బి, కాసేపాగి, మెల్లిగా తగ్గింది. తను కుట్టినదే, లోపల ఫ్యానుందని తెలుసు, అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు. వేళ్ళ మధ్యలోంచి వెలుగు ఎర్రగా కనబడింది.

ఆ వెలుగులోనే సూదిలోకి దారం ఎక్కించింది. కొత్త కన్నం పెట్టలేదు. చుక్కల వరస మొదట్లో ఉన్న పాత కన్నంలోంచి సూది దూర్చి, పక్క కన్నంలోంచి తీసి, రెండు మెలికలు వేసి బిగించింది. వెనకనుంచి, అంత దూరంనుంచి, అత్త గొంతు వినబడింది.

"రెండోది వదులుగా ఉంది. ఇంకొకటి వెయ్యి."

నిజంగానే వదులుగా ఉంది. ఇంకొకటి వేసింది.

తిరిగొచ్చి పెద్ద పడవెక్కి చూస్తే ముడి కనబడుతోంది. ఎర్రదారమే గానీ వెలుగుకి ఎదురుగా నల్లగా, మినపగింజంత చుక్క. మెరిసే చుక్కల వరస మొదట్లో ఒక్కటే నల్లచుక్క.

బావ ఇక ఉండబట్టలేకపోయాడు.

"పెద్దమ్మా, గేదెకి పిడుదు పట్టింది."

కత్తెరమ్మకి ముందు దగ్గొచ్చింది, ఆ దగ్గు నవ్వయింది, నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒక్కటేగా. మా నాన్న గేదెకి వందుండేవి." చిన్న పడవలో బొమ్మలావిడ తెడ్డు పట్టుకుని వంగిపోయి మరీ నవ్వింది.

మైకు అమ్మాయి మెల్లిగా దగ్గరికొచ్చింది. "రేపటినుంచి జనం దాని గురించి అడుగుతారండీ. కుట్టినావిడ సంతకం అని చెప్పనా?"

"వద్దు," అంది మేనకోడలు. "ఇక్కడ తప్పి, విప్పి కుట్టారని చెప్పండి. గుడ్డ మంచిదే అని కూడా చెప్పండి."

ఆ అమ్మాయి చిన్న పుస్తకంలో రాసుకుంది.

ఇంజను మొదలైంది. పడవ మెల్లిగా వెనక్కి తిరిగింది. కత్తెరమ్మ మాత్రం ముందుకి తిరగలేదు. కుర్చీలో పక్కకి ఒత్తిగిలి, మెడ తిప్పి, గేదె వైపే చూస్తూ కూర్చుంది. మేనకోడలు పక్కన కూర్చుని తన చేతుల వంక చూసుకుంటోంది. ఇచ్చిన కత్తెర ఉందో పోయిందో అడిగే ధైర్యం లేదు. అడగాలని కూడా అనిపించలేదు. అరచేతిలో ఆ వెచ్చదనం ఇంకా ఉంది.

నిచ్చెన దాటారు. కెటిళ్ళ వంతెన కనబడుతుండగా కత్తెరమ్మ అంది, "ఆ రింగుకి చుట్టిన గుడ్డ ఉంది చూశావూ."

"ఏ రింగత్తా?"

"కత్తెర రింగే. బొటనవేలిది. అది నా వేలి లావుకి చుట్టింది. పొద్దున్నే విప్పెయ్. నీ వేలికి సరిపడా వేరేది చుట్టుకో." వెనక మలుపు దగ్గర నీళ్ళ మీద పసుపురంగు ఇంకా లేస్తూ, తగ్గుతూ ఉంది. అది పూర్తిగా పోయేదాకా చూసి, అప్పుడు ఇటు తిరిగింది. "విప్పేటప్పుడు కత్తిరించకు. ముడి ఉంటుంది, ఊడదీయ్. ఆ గుడ్డ నాక్కావాలి."